మా సెంటర్లో రోడ్డు తవ్వి ఇరవై నెలలైంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది కోనసీమలో కాలవ గట్టు మీద చిన్న సెంటరు. పదకొండేళ్లుగా నేనూ మా ఆయనా టిఫిన్ హోటల్ నడుపుతున్నాం. కొబ్బరి లారీల డ్రైవర్లు, ఒలుపు కూలీలు, పొద్దున్న బస్సుకెళ్లే ఉద్యోగులు, వీళ్లే మా గిరాకీ. నిరుడు సంక్రాంతి వెళ్లగానే రోడ్డు వెడల్పు చేస్తామని తవ్వారు. మా వసారా ఐదడుగులు కొట్టేశారు. డ్రెయిన్ కోసం గొయ్యి తీసి వదిలేస్తే, దాని మీద మేమే రెండు తాటి దుంగలు వేసుకున్నాం. సెంటరు దాటాక పిల్లకాలవ మీద కల్వర్టు సగంలో ఆగింది. ఇప్పుడు వినాయక చవితి కూడా వెళ్లిపోయింది. లారీలు వేరే దారిన పోతున్నాయి. రోజుకి ఆరు కేజీల పెసలు నానబోసేదాన్ని, ఇప్పుడు రెండు కేజీలు కూడా మిగిలిపోతున్నాయి. డ్వాక్రా వాయిదా ఒకటి తప్పింది. మా ఆయన, పక్క కొట్లవాళ్లు కలిసి రాస్తారోకో చేద్దామంటున్నారు. కేసులు పెడతారని నాకు భయం. మా మరిది వడ్డీకి తెచ్చి హైవే మీదకి మారిపోమంటున్నాడు. మాకు నష్టపరిహారం ఏమైనా వస్తుందా?
ఒక సోదరి, కోనసీమ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో పెసల లెక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆరు కేజీలు రెండు కేజీలైందంటే ఆ సెంటర్లో ఏం జరిగిందో కళ్లకు కట్టినట్టయింది. నేను ముప్పై ఏళ్లు రోడ్డు పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఎండలో నిలబడ్డ మనిషిని. తవ్విన రోడ్డు మీద నిలబడ్డ నాకు, ఆ పక్కన కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాళ్ల బాధ ఎలా ఉంటుందో ఆలస్యంగా తెలిసొచ్చింది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత మీరడిగినవాటికి వస్తాను.

ఒక ఊళ్లో మాకూ ఇలాగే పిల్లకాలవ మీద కల్వర్టు పడింది. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలవలకి నీళ్లు కట్టేస్తారు కదా, ఆ నెలన్నరలోనే అడుగు తవ్వి, కాంక్రీటు పోసి, సిమెంటు తూములు దింపేయాలి. ఆ ఏడు తూములు రావడం పద్దెనిమిది రోజులు ఆలస్యమైంది. ఈలోగా సార్వాకి (మొదటి పంటకి) నీళ్లు వదిలేశారు. ఇసక బస్తాలు పేర్చి, పైన మట్టి తోసి వచ్చేశాం. ఆ మలుపులో ఒక సైకిలు షాపాయన ఉండేవాడు. రోజూ పొద్దున్నే చేతిలో పంపు పక్కన పెట్టి లేచొచ్చి “ఎప్పటికవుద్దండీ?” అని అడిగేవాడు. “వచ్చే వారం మొదలెడతారు” అనేవాణ్ణి. మళ్లీ కాలవ కట్టేదాకా అక్కడ పార పడదని నాకు తెలుసు. ఆయన మొహం చూస్తే నోరు రాక అలా అనేసేవాణ్ణి. పదకొండు నెలలు అలాగే అన్నాను. ఆయన నా మాట నమ్మి, అప్పు చేసి ట్యూబులూ టైర్లూ తెచ్చి పెట్టుకున్నాడు. కల్వర్టు అయ్యేసరికి అక్కడ కొట్టు లేదు. మనిషి గల్ఫ్ వెళ్లిపోయాడన్నారు. మొదటి రోజే నిజం చెప్పుంటే ఆ పదకొండు నెలలకీ ఏదో ఒక ఏర్పాటు చూసుకునేవాడు. ఆ తప్పు నాది.

అందుకని మిమ్మల్ని ఒకటి కోరతాను. ఇక నుంచి ఎవర్నీ “ఎప్పుడవుతుంది” అని అడగొద్దు. “ఈ శనివారానికి ఎన్ని మీటర్లు వేస్తారు” అని అడగండి. ఎప్పుడు అంటే “వచ్చే వారం” అని ఎవరైనా అనేస్తారు, నేను అన్నట్టే. మీటర్లు చెప్పాలంటే పని చూసే ఇంజినీరు, ఏఈ గారు, కాంట్రాక్టరుతో మాట్లాడాలి, కంకర ఎంతుందో, కూలీలు ఎందరున్నారో చూసుకోవాలి. చెప్పిన మీటర్లు అయ్యాయో లేదో మీరే టేపు పట్టుకుని చూసుకోవచ్చు. ఆ ఆఫీసుల్లో ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, కొలత ఎక్కితేనే బిల్లు కదులుతుంది. కొలత పట్టుకుని అడిగేవాళ్లని అక్కడ తేలిగ్గా పంపించెయ్యలేరు.

రోడ్డు ఎందుకు ఆగిందో కూడా మీరు తెలుసుకోవాలి. మన రోడ్లు చాలావరకు కాలవ గట్లే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ కాలవల్లో పడవలు నడిచాయి. ధాన్యం, కొబ్బరి అన్నీ నీళ్ల మీదే పోయేవి. ఆ గట్ల మీదే తర్వాత తారు పోశాం. అందుకే ఒక పక్క కాలవ, ఇంకో పక్క బోదె, ఇళ్లు, మధ్యలో ఇరుకు. కింద నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాన్ని కొంత తీసేసి గ్రావెల్ పోసి రోలరుతో తొక్కించాలి. ఆ గ్రావెలూ, కంకరా మన పల్లపు భూముల్లో దొరకవు, మెట్ట నుంచి టిప్పర్లలో రావాలి. గోదారికి వరదొస్తే ఇసక ర్యాంపులు మూతపడతాయి. తడి మట్టి మీద తొందరపడి వేస్తే ఏడాది తిరక్కుండానే కుంగుతుంది. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే, కాంట్రాక్టరు కల్పించినవి కావు. అయితే వీటివల్ల పని ఆగేది తొలకరి నుంచి కార్తీకం దాకా. మీ రోడ్డు తవ్వాక రెండు వేసవులు వచ్చి వెళ్లాయి. రెండు ఎండాకాలాలు ఊరికే పోయాయంటే ఆ చిక్కుముడి ఏదో ఆఫీసులోనే పడి ఉంటుంది.

అదేమిటో తేల్చుకోవడానికి సెంటరు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకసారి నడవండి. రోలరు, మిక్సరు, కూలీల షెడ్డు అన్నీ ఎత్తేసి ఉంటే, చాలాసార్లు పాత బిల్లులు రాక కాంట్రాక్టరు వేరే పనికి వెళ్లిపోయినట్టు. కంకర కుప్పలు ఉండి, కొత్త వెడల్పు మధ్యలో కరెంటు స్తంభాలు అలాగే నిలబడి ఉంటే, వాటిని జరిపే పని తెమల్లేదన్నమాట. తవ్విన చోట మంచినీళ్ల పైపు బయటపడి చుట్టూ నీళ్లు ఊరుతుంటే పంచాయతీతోనో నీటి సరఫరా వాళ్లతోనో తేలాల్సింది ఉంది. కల్వర్టు ఒక్కటే ఆగి మిగతా రోడ్డు నడుస్తుంటే ఇరిగేషన్ వాళ్ల అనుమతి అయినా రాలేదు, కాలవ కట్టిన రోజుల్లో పని అయినా జారిపోయింది. ఎవరి దగ్గర ఆగిందో తెలియకుండా ఏఈ గారి మీద అరిస్తే, ఆయన తలూపి వెళ్లిపోతారు. నేనూ అలా ఎన్నిసార్లు తలూపానో.

రోడ్డు ఎవరిదో కూడా చూసుకోండి. దగ్గర్లో కిలోమీటరు రాయి మిగిలి ఉంటే దాని పైభాగం రంగు చూస్తే చాలు. పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నలుపైతే జిల్లా రోడ్డు, నారింజైతే ప్రధానమంత్రి గ్రామ సడక్ కింద వేసిన పల్లె రోడ్డు. రాయి కూడా తవ్వకంలో పోయుంటే మీ ఊరి సచివాలయంలో అడగండి, చెబుతారు.

ఇప్పుడు మొదటి పని. మొత్తం రోడ్డు సంగతి కాసేపు పక్కన పెట్టి, మీ కొట్లముందు పదడుగుల దారి గురించి అడగండి. సెంటర్లో కొట్లవాళ్లందరూ కలిసి ఒకే పేజీలో అర్జీ రాయండి. అందులో మూడే మూడు కోరికలు ఉండాలి. రోజుకి రెండు పూటలా ట్యాంకరుతో నీళ్లు చల్లించాలి. డ్రెయిన్ గొయ్యి మీద ప్రతి కొట్టు దగ్గరా గట్టి ఇనప రేకో, సిమెంటు పలకో వేసి, పక్కన రాత్రి కనబడే గుర్తులు పెట్టించాలి. మలుపు దగ్గర గోతులు గ్రావెల్‌తో పూడ్చి, లారీ దిగబడకుండా తిరిగేలా చేయాలి. ఇవి దయ కోసం అడుగుతున్నవి కావు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లలో 112వ క్లాజు అని ఉంది. పని జరుగుతున్నన్నాళ్లూ రాకపోకల దారిని కాంట్రాక్టరు బాగు చేస్తూ ఉండాలి, అవసరమైతే తరచుగా నీళ్లు చల్లి దుమ్ము లేకుండా చూడాలి, హెచ్చరిక బోర్డులు, దీపాలు పెట్టాలి అని అందులో ఉంటుంది. జాతీయ రహదారులకే కాకుండా రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బి) పనులకీ ఎక్కువగా ఈ స్పెసిఫికేషన్లే వాడతారు. అర్జీలో ఆ క్లాజు నంబరు వేయండి. ఆ నంబరు కనబడ్డ కాగితాన్ని ఏ ఇంజినీరూ ఊరికే పక్కన పడేయడు.

రోడ్డు పూర్తి చేయాలంటే కోట్లు కావాలి, నెలలు కావాలి. నీళ్ల ట్యాంకరుకి అంత అక్కర్లేదు, రేపే రావచ్చు. చట్నీ గిన్నె మీద పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఎర్రగా పేరుకునే దుమ్ము ఆగితే, బస్సు కోసం నిలబడ్డ మనిషి మళ్లీ మీ బల్ల మీద కూర్చుంటాడు.

ఆ అర్జీ ఒకటి ఏఈ గారి పై ఇంజినీరు డీఈ ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఇంకొకటి సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, రసీదు నంబరు దాచుకోండి. కొట్టు మూసి అందరూ వెళ్లక్కర్లేదు, వారానికి ఇద్దరు చొప్పున వంతులేసుకోండి.

ఆ గొయ్యి గురించి మాత్రం ఇంకా గట్టిగా చెప్పాలి. తాటి దుంగల మీద బడి పిల్లలు కూడా నడుస్తున్నారేమో అనుకుంటే నాకు నిద్ర పట్టదు. తాటి దుంగ వానకి నానితే పైకి బాగానే కనబడుతుంది, లోపల మెత్తబడుతుంది. జనం నడిచే చోట ప్రమాదం ఉంటే దాన్ని తొలగించమని ఆర్డీఓ గారు మేజిస్ట్రేటు హోదాలో ఆదేశం ఇవ్వొచ్చు. భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 152వ సెక్షన్ అది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133గా ఉండేది. 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు ఈ 133 కింద ఇచ్చిన ఆదేశాన్నే సమర్థించింది. అక్కడ కూడా మురుగుకాలవల గొడవే. మా దగ్గర డబ్బుల్లేవు అని మునిసిపాలిటీ అంటే ఆ సాకు చెల్లదని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. ఆ గొయ్యి ఫొటోలు నాలుగు జతచేసి, ఆర్డీఓ గారికి వేరే అర్జీ పెట్టండి. రాయించుకోవడానికి లాయరు ఫీజు గురించి బెంగపడొద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేసినా, కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార కమిటీకి వెళ్లినా మనిషిని ఇస్తారు. ఈ అర్జీ మీ ఆయన పేరున కాకుండా మీ పేరున పెట్టమనేది అందుకే.

ఇక ఆ ఆఫీసు చిక్కుముడి. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఆ శాఖలో డీఈ పైన ఉండే ఈఈ ఆఫీసులో పౌర సమాచార అధికారి పేరున తెల్లకాగితం మీద రాస్తే చాలు. ఫీజు పది రూపాయలు, పేదలకిచ్చే రేషన్ కార్డు జిరాక్సు పెడితే అదీ అక్కర్లేదు. “రోడ్డు ఎందుకు ఆలస్యమైంది” అని మాత్రం రాయొద్దు, అభిప్రాయాలు చెప్పే పని మాది కాదని తిప్పి పంపుతారు. కాగితాలు అడగండి: పని అగ్రిమెంటు కాపీ, మొదలెట్టిన తేదీ, పూర్తి చేయాల్సిన తేదీ, గడువు ఎన్నిసార్లు పెంచారు, పెంచమని కాంట్రాక్టరు రాసిన ఉత్తరాలు, ఎం-బుక్కులో ఇప్పటిదాకా ఎక్కిన కొలతలు, ఎంత బిల్లు ఇచ్చారు, ఎంత ఆగింది, కల్వర్టుకి ఇరిగేషన్ శాఖ ఇచ్చిన అనుమతి, స్తంభాలు జరపడానికి రాసిన ఉత్తరాలు. గడువు పెంచమని రాసిన ఉత్తరంలో ఆలస్యానికి కారణం కాంట్రాక్టరే తన చేత్తో రాసి ఉంటాడు. మీకు కావలసిన జవాబు అక్కడ దొరుకుతుంది. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే ఆ తర్వాత కాపీలకి డబ్బు తీసుకోకూడదు. అప్పుడు ముప్పై రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టాలి. పని దగ్గరికి వెళ్లి చూసే హక్కు, వాడుతున్న సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. మా రోజుల్లో ఈ చట్టం లేదు. ఉండుంటే ఆ సైకిలు షాపాయన నన్ను అడిగే పని ఉండేది కాదు.

నష్టపరిహారం గురించి మీకు ఆశ పెట్టి మోసం చేయలేను. రోడ్డు పని సాగి సాగి గిరాకీ పోయిందని కొట్లవాళ్లకి డబ్బు ఇచ్చే ఏర్పాటు లేదు. ఆలస్యానికి కాంట్రాక్టరు మీద వేసే జరిమానా కూడా శాఖకే పోతుంది, మీకు పైసా రాదు. కానీ మీ వసారా ఐదడుగులు కొట్టేశారన్నారు కదా, ఆ ఐదడుగులూ పట్టా భూమా, ప్రభుత్వానికి చెందిన రోడ్డు మార్జినా అన్నది వెంటనే తేల్చుకోండి. మార్జినైతే అడిగేది ఏమీ లేదు. పట్టా అయితే, సేకరణ జరపకుండా, డబ్బు ఇవ్వకుండా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. స్థలం మీది కాకుండా అద్దెదైనా మీ మాట వినాలి. 2013 భూసేకరణ చట్టం కింద సేకరించినట్టయితే, ఆ స్థలం మీదే బతుకుతున్న చిరు వ్యాపారికి ఒకసారి ఇచ్చే సాయం కనీసం 25,000 రూపాయలని రెండో షెడ్యూల్లో ఉంది. దస్తావేజు, పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, వసారా ఉన్నప్పటి పాత ఫొటో, పెళ్లి ఫొటోల్లో వెనకాల పడ్డదైనా సరే, తీసి ఒక కవర్లో పెట్టండి. సర్వేయరుతో హద్దులు కొలిపించుకోవడానికి దరఖాస్తు ఇవ్వండి.

రాస్తారోకో గురించి. మీ ఆయన కోపంలో తప్పేమీ లేదు. ఇరవై నెలలు ఓర్చుకున్నారు. కానీ ఆ రోడ్డు మీద ఇప్పుడు ఎవరు తిరుగుతున్నారు? ఆసుపత్రికి వెళ్లే గర్భిణులు, కాలేజీ పిల్లలు, మీ దగ్గర తినే నలుగురు. ఆపితే ఆగేది వాళ్లే. పైగా దారి అడ్డగించినందుకు భారతీయ న్యాయ సంహిత 285 కింద ఐదు వేల దాకా జరిమానా ఉంది. అడ్డగించారని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఇంకో సెక్షన్ కలుస్తుంది. మన కోనసీమ కుర్రాళ్లు ఎందరు గల్ఫ్ ప్రయాణాల్లో ఉంటారో మీకు తెలుసు. చిన్న కేసైనా పోలీసు క్లియరెన్సు దగ్గర నెలల తరబడి తిప్పుతుంది. అదీ కాక, ఒకసారి కేసయ్యాక ఆఫీసులో మాట మారిపోతుంది. అప్పటినుంచి మీ గొయ్యి గురించి మాట్లాడరు, మీ కేసు గురించే మాట్లాడతారు. అర్జీలకి నెల రోజుల్లో కదలిక లేకపోతే, పోలీసులకి ముందుగా రాసి, అనుమతి తీసుకుని, ఆ డీఈ ఆఫీసు ముందు టెంటు వేసుకుని కూర్చోండి. మీ కుటుంబాలతో, మీ అర్జీ కాపీలతో. అప్పుడు పేపరువాళ్లు వచ్చి రాసేది కూడా మీ మీటర్ల లెక్కే అవుతుంది.

హైవే మీదకి మారడం నాకు ఇష్టం లేదు, ఇప్పుడైతే అసలు వద్దు. మూడు లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి తొమ్మిది వేలు, రోజుకి మూడు వందలు. ఒక్క పెసరట్టు పోయకముందే ఆ మూడు వందలు గల్లాలోంచి లేచిపోతాయి. అడ్వాన్సు, అద్దె వేరే. మీ పదకొండేళ్ల పేరు ఆ కొత్త చోట ఎవరికీ తెలియదు. దీనికి బదులు మీ మరిదిని ఒక పని అడగండి. లారీలు ఇప్పుడు ఏ దారిన పోతున్నాయో ఆ జంక్షన్‌కి పొద్దున ఆరింటికల్లా మోపెడ్ మీద హాట్‌బాక్సుల్లో ఇడ్లీ, ఉప్మా, డబ్బాలో చట్నీ పెట్టుకుని వెళ్లమనండి. పెసరట్టు ఆ పనికి రాదు, చల్లారితే తోలులా సాగుతుంది. కొబ్బరి ఒలిచే చోట్లకి తొమ్మిదింటికి పార్సిళ్లు పంపండి. డ్రైవర్లకి మీ చేతి రుచి తెలుసు, కాబట్టి కొత్తగా పరిచయం చేసుకోవాల్సిన పని లేదు. ఒక నెల చూసి, ఎన్ని కేజీలు వెళ్తున్నాయో మీ పెసల లెక్కలాగే రాసుకోండి.

డ్వాక్రా వాయిదా సంగతి ఈ వారమే గ్రూపులో చెప్పేయండి, దాచొద్దు. తొంభై రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండి బకాయిగా రాస్తుంది, అప్పుడు మీ ఒక్కరికే కాదు, గ్రూపు మొత్తానికీ కొత్త లోను చిక్కవుతుంది. దాటకముందే వెళ్లి, రోడ్డు ఫొటో, అర్జీ రసీదు చూపించి, వాయిదాల గడువు పెంచమని మేనేజరుని అడగండి. కొట్టు అద్దెదైతే ఇంటాయన్ని కూడా అడగండి. ఖాళీగా పడుంటే తనకీ నష్టమేనని ఆయనకి తెలుసు. రోడ్డు అయ్యేదాకా ఇంత తగ్గిస్తానని ఒక కాగితం మీద రాయించుకోండి.

కార్తీకం వెళ్లాక మన దగ్గర పని మొదలెట్టడానికి ఏ సాకూ ఉండదు. సంక్రాంతికి బయట ఊళ్ల నుంచి జనం దిగుతారు, అప్పటికి మీ సెంటరు వరకైనా గ్రావెల్ పడి రోలరు తిరగాలి. దాని కొలత అడగండి. కల్వర్టు మాత్రం దాళ్వా నీళ్లు ఆగేదాకా లేవదు, ఎవరు ఏం చెప్పినా నమ్మొద్దు. కాలవలు కట్టేసేది ఏప్రిల్‌లో. మార్చి నెలాఖరుకల్లా సిమెంటు తూములు మీ సెంటర్లో గట్టు మీద దిగి ఉండాలి. అవి ఎన్ని రావాలో అగ్రిమెంటు కాపీలో ఉంటుంది. ఏప్రిల్ ఒకటో తారీఖు పొద్దున్నే వెళ్లి వాటిని లెక్కపెట్టి, ఎన్ని ఉన్నాయో నాకు రాయండి. ఒక్కటి తక్కువున్నా ఆ రోజే కలెక్టరేట్‌కి వెళ్దాం, నేనూ వస్తాను.

ఈలోగా, ఆ తాటి దుంగలు ఈ సాయంత్రమే తిరగేసి అడుగు చూడండి. మెత్తబడి ఉంటే తీసేసి, వేరేవి వేయించండి.